లాగ్ ఫైల్ పాడైతే డేటా పోయినట్టేనా? మెయిన్‌ఫ్రేమ్ నుంచి మన ట్యాబ్ దాకా

ఈసారి ఫోన్ రివ్యూ కాదు, ఒక చిన్న పాఠం. పాశమైలారంలో మా బాబాయ్‌కి చిన్న వర్క్‌షాప్ ఉంది. పాత ట్యాబ్ హ్యాంగ్ అవుతోందని స్టాక్ యాప్ డేటాబేస్‌ని కొత్త ట్యాబ్‌లోకి నేనే కాపీ చేసిచ్చా. సాయంత్రం ఫోన్: "అరేయ్, రెండు రోజుల చలాన్లు కనిపిస్తలేవు రా!"

తప్పు నాదే. మెయిన్ ఫైల్ తెచ్చా, పక్కనే చివర 'వాల్' అని ఉన్న ఫైల్‌ని చెత్త అనుకుని వదిలేశా. ఎస్‌క్యూలైట్‌లో 2010 నుంచి ఉన్న ఈ మోడ్‌లో కొత్త ఎంట్రీలు ముందు ఆ లాగ్‌లోకే వెళ్తాయి, తర్వాతే మెయిన్ ఫైల్‌లో కలుస్తాయి. ఆఫీసులో నేను పనిచేసే మెయిన్‌ఫ్రేమ్ డీబీ2 కూడా ఇదే సూత్రం మీద నడుస్తుంది: ముందు లాగ్, తర్వాత డేటా. క్రాష్ తర్వాత లాగ్ చదివి డేటాని సరిచేసే ఏరీస్ పద్ధతిని 1992లో పేపర్‌గా రాసిన ఐబీఎం టీమ్‌లో ముఖ్యుడు సి. మోహన్, ఐఐటీ మద్రాస్‌లో చదివినవారు.

మరి మెయిన్‌ఫ్రేమ్‌లో లాగే పాడైతే? డీబీ2లో సాధారణంగా యాక్టివ్ లాగ్‌కి రెండు కాపీలు పెడతారు. ఒకటి పోయినా రెండోదాంతో సిస్టమ్ నడుస్తుంది. అప్పుడు ఇలా చేయాలి:

1. కంగారుపడి ఏదీ డిలీట్ చేయొద్దు. పాడైన ఫైల్ కూడా ఆధారమే.

2. డీఎస్ఎన్‌జేయూ004 రన్ చేయండి. ఏ లాగ్ ఏ ఆర్‌బీఏ నుంచి ఏ ఆర్‌బీఏ దాకా ఉందో, దాని స్టేటస్ ఏంటో ప్రింట్ అవుతుంది. ఆర్‌బీఏ అంటే లాగ్‌లో ఒక రికార్డు అడ్రస్.

3. డీబీ2ని నార్మల్‌గా ఆపండి. పాడైనదాని పేరు మార్చి, అదే సైజులో కొత్తది డిఫైన్ చేసి, బాగున్న కాపీ నుంచి ఐడీక్యామ్స్ రెప్రోతో నింపండి.

4. కొత్తదానికి పాత పేరే పెడితే ఈ స్టెప్ అక్కర్లేదు. వేరే పేరు పెడితే డీఎస్ఎన్‌జేయూ003తో పాత ఎంట్రీ తీసేసి, అదే ఆర్‌బీఏ రేంజ్‌తో కొత్తది చేర్చండి. ఇది డీబీ2 ఆగి ఉన్నప్పుడే చేయాలి.

5. స్టార్ట్ చేసి, 004తో మళ్లీ సరిచూసుకోండి.

రెండు కాపీలూ పోతే? ఆర్కైవ్ లాగ్‌లోకి వెళ్లినంత వరకు డేటా దొరుకుతుంది. అక్కడా లేకపోతే కండిషనల్ రీస్టార్ట్ ఒక్కటే దారి. అందులో కొంత డేటా పోవచ్చు, టేబుల్స్ మధ్య లెక్క తప్పొచ్చు. సీనియర్ డీబీఏ పక్కన లేకుండా అటు వెళ్లొద్దు.

రెండు కాపీలూ ఒకే డిస్క్‌లో ఉంటే రెండున్నా ఒకటే! మన పటాన్‌చెరు ఇక్రిశాట్ జీన్‌బ్యాంక్ వాళ్లు విత్తనాల డూప్లికేట్లు నార్వేలోని స్వాల్‌బార్డ్‌కి పంపారు. బ్యాకప్ ఎక్కడుండాలో అదే చెబుతుంది.

ఇంతకీ బాబాయ్ చలాన్లు? పాత ట్యాబ్‌ని ఇంకా ఫార్మాట్ చేయలేదు, బతికిపోయా. యాప్ క్లోజ్ చేసి, కొత్త ట్యాబ్‌లో వేసిన ఫైల్ తీసేసి, పాతదాంట్లోంచి రెండు ఫైళ్లూ కలిపి మళ్లీ తెచ్చా. యాప్ తెరవగానే చలాన్లన్నీ వచ్చేశాయి. అందుకే ఒక్క మాట గుర్తుంచుకోండి: డేటాబేస్ ఫైల్‌ని ఎప్పుడూ దాని లాగ్‌తో కలిపే కాపీ చేయండి, కొత్తదాంట్లో అన్నీ చూసుకున్నాకే పాతది ఫార్మాట్ చేయండి.