అనుబంధ సైటులలో పాత్రల నిర్వహణ

వర్డ్‌ప్రెస్ అను ఉపకరణముతో తమ సైటులను నడపు విద్యాసంస్థలు నేడు పెక్కు గలవు. 2010 జూన్‌లో వెలువడిన దాని 3.0 కూర్పునందు, ఒకే స్థాపనము నుండి అనేక సైటులను నడపు మల్టీసైట్ పద్ధతి చేరినది. ఈ పద్ధతిలో సదుపాయమెంతయో చిక్కును అంతయే. ఆ చిక్కు సాంకేతికమైనదిగా కానవచ్చును గాని, నిజమునకు అది అధికారమును గూర్చినది. ఎవరి వ్రాత ఎవరి పరిశీలనము లేకుండ ప్రకటితము కావచ్చును?

ఒక తెలుగు శాఖలో నిఘంటువు, జానపద వాఙ్మయము, పరిశోధన పత్రిక అను విభాగములకు మూడు సైటులు కలవనుకొందము. ఒక పరిశోధక విద్యార్థిని జానపద గేయములను సేకరించి తానే ప్రకటించుచున్నది. అచట ఆమె 'ఆథర్'. నిఘంటువున 'కంట్రిబ్యూటర్' మాత్రమే: పదారోపములు వ్రాయగలదు, ప్రకటింపజాలదు; ప్రకటితమైన పిదప తన వ్రాతనైనను దిద్దజాలదు. పత్రికయందు ఆమెకు స్థానమే లేదు. వర్డ్‌ప్రెస్ ఈ భేదమును చక్కగా పాటించును. వినియోగదారుల పట్టిక సైటులన్నిటికిని ఒక్కటే; ఏ సైటున ఏ పాత్ర యను విషయము మాత్రము వేరువేరుగ నమోదగును. అంతియగాక, ఒక పాత్ర ధరించినవారు ఏయే పనులు చేయవచ్చునను నిర్వచనమును సైతము ప్రతి సైటు తన పట్టికలోనే దాచుకొనును. ఈ రెండవ సంగతిని పలువురు గమనింపరు.

'రోల్' అనుదానిని మనము పాత్ర యనుచున్నాము. ఇది నాటకమునుండి వచ్చిన వాడుక. పాత్రుడు, అపాత్రదానము అను మాటలలోని అర్థమే ఇచట ఎక్కువ పొసగునని నా యభిప్రాయము.

సైటులు పెరిగినకొలది ఒక్కొక్కదానిలో పాత్రలను దిద్దుట విసుగు పుట్టించును. అందువలన ప్లగిన్‌లను ఆశ్రయింతురు. ఇవి రెండు తెరగులు. 'యూజర్ రోల్ ఎడిటర్' వంటివి ప్రధాన సైటులోని నిర్వచనములను తక్కిన సైటులన్నిటికిని వర్తింపజేయగలవు. మరికొన్ని వ్యక్తులనే వ్యాపింపజేయును. ఒకచోట చేరిన సభ్యుని అన్నిచోట్లను నిర్ణీత పాత్రతో చేర్చును. నిఘంటువు వారు ఉచ్చారణ ధ్వనిముద్రణములకై తమ కంట్రిబ్యూటర్లకు దస్త్రములు ఎక్కించు హక్కును ప్రత్యేకముగ ఇచ్చియుండిరనుకొందము. మొదటి తెరగు ప్లగిన్‌ను ఒక్కమారు నడపినచో ప్రధాన సైటు నిర్వచనము దానిపై పడి, ఆ హక్కు మాయమగును. పని నిలిచిపోవును గాని గ్రంథమునకు హాని లేదు. రెండవ తెరగున ప్రమాదము పెద్దది. పై విద్యార్థిని ఆథర్ పాత్రతోనే నిఘంటువున ప్రవేశించినచో, ఆమె ఊహించిన వ్యుత్పత్తి ఎవరును చూడకయే ప్రామాణికమై చెలామణి యగును. తప్పు ఆమెది కాదు. ప్లగిన్‌ను స్థాపించు అధికారము సూపర్ అడ్మిన్‌కు మాత్రమే కలదు. కావున సైటులన్నిటికిని వ్యాపింపజేయదగిన పాత్ర, చదువుటకు మించి హక్కులేవియు లేని 'సబ్‌స్క్రైబర్' ఒక్కటే. ఆపై మెట్టును ఆయా విభాగపు సంపాదకులు విచారించి నిర్ణయింపవలెను.

శాఖను విడిచినవారి విషయము మరియొకటి. ఒక సైటునుండి తొలగించినంత మాత్రమున ఖాతా పోదు. తక్కిన సైటులలో పాత్రలు నిలిచియే యుండును. సూపర్ అడ్మిన్ ఖాతానే తొలగింపబూనినచో, ఆ వ్యక్తి రచనలను మరియొకరి పేరునకు మార్పవలెనా, తుడిచివేయవలెనా అని ఉపకరణము అడుగును. తొందరలో రెండవదానిని ఎన్నుకొన్నచో యేండ్ల సేకరణము నశించును. మొదటిదానిని ఎన్నుకొన్నచో కర్తృత్వము తారుమారగును. పాత్రలను మాత్రము అన్ని సైటులనుండి ఉపసంహరించి ఖాతాను నిలుపుట మేలు. అపుడు గేయముల క్రింద సేకర్త పేరు చెక్కుచెదరక యుండును.