అతిథి ఎప్పుడు పొరుగువాడవుతాడు?



మనం పాదువాపురి అంతోనివారు అని పిలుచుకునే పునీతుడు పుట్టింది పాదువాలో కాదు, పోర్చుగల్ దేశపు లిస్బన్ నగరంలో. ఆయన పుట్టిన చోటనే దేవాలయం కట్టారని అక్కడివారి సంప్రదాయం. దాని దగ్గరే అల్ఫామా అనే పాతపేట ఉంది. ఏటా జూన్ 13న ఆయన పండుగ ఊరేగింపు ఆ ఇరుకు సందుల్లో సాగుతుంది.

ఆ పేటలో సామాన్యులకు నేడు అద్దె ఇల్లు దొరకడం కష్టం. పర్యాటకులకు రోజువారీ అద్దెకిచ్చే ఇళ్లు పెరగడం ముఖ్య కారణం. ల్యాప్‌టాప్‌తో ఎక్కడినుండైనా పనిచేస్తూ, కొన్నాళ్లు ఒక్కో దేశంలో గడిపేవారి రాక దానికి తోడైంది. వీరిని 'డిజిటల్ నోమాడ్స్' అంటారు. వీరికోసం పోర్చుగల్ 2022 అక్టోబరు 30న ప్రత్యేక వీసా ప్రారంభించింది. ఆ దేశపు కనీస వేతనానికి నాలుగు రెట్ల ఆదాయం ఉండాలన్నది షరతు. అప్పటి కనీస వేతనం నెలకు 705 యూరోలు. అంటే అప్పట్లో వచ్చేవారికి కనీసం 2,820 యూరోలు ఉండాల్సి వచ్చేది. ఇద్దరూ ఒకే ఇంటి తలుపు తడితే యజమాని ఎవరికి తీస్తాడు? 2023 ఏప్రిల్ 1న వేలాదిమంది ఇళ్లకోసం లిస్బన్ వీధుల్లో ప్రదర్శన చేశారు.

వచ్చినవారు పాపులా? కాదు. వారివల్ల దుకాణాలకు బేరం పెరుగుతుంది. పరదేశిని ప్రేమించమని లేవీయకాండము (19:34) ఆజ్ఞాపిస్తోంది. కాని ఊరంటే ఇళ్ల వరుస కాదు. జ్ఞానస్నానానికీ, పెళ్లికీ, చావుకీ కలిసి నిలిచే మనుషులు. అద్దె కట్టినంత మాత్రాన ఆ బంధం ఏర్పడదు. యజమానికీ బాధ్యత ఉంది: సొంత ఆస్తి హక్కు న్యాయమైనదే అయినా, భూమి మానవులందరికీ దేవుడిచ్చిన వరమని శ్రీసభ సత్యోపదేశం (2403) బోధిస్తోంది.

బబులోను చెరలో ఉన్నవారికి యిర్మీయా ప్రవక్త ఏమి వ్రాశాడు? మీరున్న పట్టణపు క్షేమం కోరండి, దానికోసం ప్రార్థించండి అని (29:7). అంతోనివారు చేసింది అదే. పాదువాకు ఆయన పరాయివాడు. అయినా అప్పు తీర్చలేక చెరసాల పాలవుతున్న పేదల పక్షాన నిలిచారు. తన ఆస్తిని అప్పగించిన రుణగ్రస్తుణ్ణి ఖైదు చేయరాదని 1231 మార్చి 15న ఆ నగరం చట్టం చేసింది ఆయన విన్నపం మీదనే. మూడు నెలలకే ఆయన మరణించారు. పుట్టిన ఊరి పేరు కాక, సేవించిన ఊరి పేరే ఆయనకు నిలిచింది.

కుటుంబంలో చర్చించండి:

1. ఉద్యోగంకోసం దూరాన ఉంటున్న మన బిడ్డలకు అక్కడి విచారణ, ఇరుగుపొరుగు తెలుసా?

2. మన ఇల్లు అద్దెకిచ్చేటప్పుడు డబ్బు తప్ప ఇంకేమైనా చూస్తున్నామా?

3. మన వీధికి కొత్తగా వచ్చినవారిని ఈ ఆదివారం పలకరించగలమా?