పెయింటింగ్‌లోకి వెళ్తున్నారా? ముందు అతుకు పని నేర్చుకోండి

పదో తరగతితోనో ఐటీఐతోనో చదువు ఆపి పెయింటింగ్‌లోకి వెళ్లాలనుకునే కుర్రాళ్లు బ్రష్ పట్టేముందు జిప్సం బోర్డు అతుకులు పూడ్చడం నేర్చుకుంటే మేలు. అమెరికాలో దీన్ని ప్రత్యేక వృత్తిగా లెక్కిస్తారు. చేసేవాళ్లను డ్రైవాల్ టేపర్ అంటారు. మన దగ్గర ఫాల్స్ సీలింగ్ బిగించినవాళ్లే అతుకులు కూడా హడావుడిగా పూడ్చి వెళ్లిపోతుంటారు. తర్వాత పెయింటర్ వచ్చి దానిమీద లప్పం లాగుతాడు. కొన్నాళ్లకు బోర్డుల మధ్య గీత పైకి తేలుతుంది.

ఈ పనికి అసలు పరీక్ష బాత్రూమే. రోజూ వేడినీళ్ల ఆవిరి తగిలే చోటు కాబట్టి పచ్చ కాగితం ఉండే, తేమను ఓర్చుకునే బోర్డు వాడతారు. అది కూడా చెమ్మను మాత్రమే తట్టుకుంటుంది. షవర్ నీళ్లు నేరుగా పడే గోడకు సిమెంటు బోర్డు ఉండాలి. బోర్డు తెప్పించకముందే ఇంటివాళ్లకు ఈ సంగతి చెప్పండి.

బోర్డు పొడవు అంచులు కాస్త పలచగా ఉంటాయి. రెండు బోర్డులు కలిసినచోట ఏర్పడే పల్లంలోనే టేపు, అతుకు పూడ్చే కాంపౌండ్ ఇమిడిపోవాలి. కాగితం టేపు అయితే ముందు కాంపౌండ్ పరిచి అందులోకి నొక్కాలి. కింద గాలి మిగిలితే అక్కడే ఉబ్బుతుంది. ఫైబర్ మెష్ టేపు మీద మొదటి పూతకు మాత్రం నీళ్లు కలిపితే గట్టిపడే పొడి రకమే వాడాలి. ఆపైన మరో రెండు పూతలు. ప్రతిసారీ ఇంకాస్త వెడల్పు బ్లేడు తీసుకుని, చివరి పూతను దాదాపు అడుగు వెడల్పున లాగాలి. డబ్బాలో కలిపి వచ్చే రకమైతే పూతకూ పూతకూ మధ్య ఒక రోజు ఆరనివ్వాలి, వానాకాలంలో ఇంకా ఎక్కువే. కాంట్రాక్టరు ఎంత తొందరపెట్టినా తడి మీద పూయకండి. ఆరాక పూత కుంగుతుంది, చీలుతుంది. కొత్తవాళ్ల పేరు చెడేది ఎక్కువగా ఇక్కడే.

చివరి పూత ఆరాక మాస్కు పెట్టుకుని సన్న శాండ్ పేపర్‌తో రుద్దండి. టార్చి లైటు గోడ పక్కనుంచి వేస్తే ఎత్తుపల్లాలన్నీ బయటపడతాయి. దుమ్ము తుడిచాకే ప్రైమర్. కాంపౌండ్ పీల్చినట్టు బోర్డు మీది కాగితం రంగును పీల్చదు, అందుకే ప్రైమర్ మానేస్తే అతుకులన్నీ పట్టీలుగా కనిపిస్తాయి. బాత్రూమ్‌కు తేమను తట్టుకునే ప్రైమర్ అడిగి తీసుకోండి.

అమెరికాలో ఫినిషింగ్‌ను 0 నుంచి 5 వరకు లెవెల్స్‌గా లెక్కిస్తారు. బాత్రూముల్లో తుడవడానికి వీలుగా మెరుపు రంగులు వేస్తారు కదా, అలాంటి చోట లెవెల్ 5 చేయమంటారు: అంటే అతుకులతో ఆగకుండా బోర్డు మొత్తానికీ పలచటి పూత. విదేశీ ఉద్యోగానికి ట్రేడ్ టెస్టుకు వెళ్లేవాళ్లు లెవెల్ 4కూ 5కూ తేడా చేసి చూపించగలగాలి.

శిక్షణ కోసం హైదరాబాద్‌లోని నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్‌లో విచారించండి. లేదంటే మంచి మేస్త్రీ దగ్గర చేరండి, కూలి తక్కువైనా సరే. గల్ఫ్‌కు వెళ్లాలనుకుంటే తెలంగాణవాళ్లకు టామ్‌కామ్, ఆంధ్రావాళ్లకు ఓమ్‌క్యాప్ అనే ప్రభుత్వ సంస్థలున్నాయి. ప్రైవేటు ఏజెంటు దగ్గరికి వెళ్తే అతని పేరు ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఉందో లేదో చూసుకోండి, కట్టిన ప్రతి రూపాయికీ రశీదు అడగండి.