పడుగుకు బూజు, ఒంటికి బూజు

గంజి పెట్టిన పడుగును వానాకాలములో తడి ఆరకముందే చుట్టి మూలను పెడితే బూజు పట్టునని మన ఇండ్లలో పిల్లలకు గూడ తెలియును. బాగుగా ఆరిన పడుగు జోలికి అది రాదు. మనిషి ఒంటి సంగతియు దాదాపు ఇంతే.

బూజు విత్తనములు మన్నులో, పేడలో, కుళ్ళిన ఆకులలో ఎల్లప్పుడు ఉండును. దినదినము వాటిని పీల్చుచునే యున్నాము. సత్తువ గల ఒంటిని అవి ఏమియు చేయలేవు. చక్కెర వ్యాధి అదుపులో లేనివారికి, అవయవ మార్పిడి చేయించుకొన్నవారికి, రక్తపు క్యాన్సరు గలవారికి, స్టిరాయిడ్ మాత్రలు చాలకాలము మింగినవారికి ప్రమాదము.

2021లో కరోనా రెండవ విడతలో 'నల్ల ఫంగస్' అని ఊరూర మోగినది ఇదే. ఆ జూలై నాటికి దేశములో 45 వేలకు పైగా కేసులు లెక్కకు వచ్చినవి. మన మహారాష్ట్రలో, గుజరాత్‌లో ఎక్కువ. డాక్టర్లు మ్యూకర్‌మైకోసిస్ అందురు. నిజమునకు ఆ బూజు నల్లనిది కాదు. అది రక్తనాళములలో దూరి రక్తమును అడ్డగించును. రక్తమందని కండ చచ్చి నల్లబడును.

ఆ వేసవిలోనే మా సంఘ సభ్యుడొకరికి కరోనా తగ్గిన పిమ్మట ఒక చెంప వాచినది. పంటిపోటనుకొని లవంగనూనె పెట్టుకొని మగ్గము దిగలేదు. ముక్కునుండి నల్లని స్రావము వచ్చిన తరువాతగాని ఆసుపత్రికి పోలేదు. ప్రాణము దక్కినది, కన్ను దక్కలేదు. చక్కెర ఉన్నదని రెండేండ్ల ముందే తెలుసునట; చేతిలో డబ్బాడక బిళ్ళలు మానుకొన్నాడు. నూలు బట్వాడా దినమున ఆయనను చూచుచుండిన మేమును ఎన్నడు అడగలేదు. ఆ తప్పులో మా పాలు కలదు.

ముఖము ఒకప్రక్క వాచుట, తిమ్మిరెక్కుట, పై పళ్ళు కదులుట, అంగిట నల్లమచ్చ, ఒకటి రెండుగా కనబడుట — చక్కెర గలవారిలో వీనిలో ఏది కనబడినను మరునాటికి ఆగరాదు. చచ్చిన కండను కోసి తీసి, ఆంఫోటెరిసిన్-బి అను సూదిమందును వారాల తరబడి ఇత్తురు. మరాఠీ రాని పెద్దల వెంట చదువుకొన్న పిల్లలనెవరినైన పంపవలెను. ఇది అంటురోగము కాదు. రోగి ఇంటి నూలు ముట్టుటకు జంకనక్కరలేదు.

గుంట మగ్గములో కూర్చొని నడుము పట్టినవారు అంగడిలో అడిగి తెచ్చుకొను మాత్రలలో స్టిరాయిడ్ ఉండవచ్చును. నొప్పి పోవుట నిజమే. ఒంటి కాపలా తగ్గుటయు, చక్కెర పెరుగుటయు నిజమే. అయితే చాలకాలముగా వాడుచున్నవారు తమంతట తాము ఒక్కసారి మానరాదు. డాక్టరు చెప్పినట్లు తగ్గించవలెను.

30 ఏండ్లు దాటినవారికి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రములలో చక్కెర పరీక్ష ఉచితము. ఆ చీటీని పాసుపుస్తకముతో పాటు బట్వాడా దినమున తెచ్చి చూపినచో మేము వ్రాసియుంచుకొని, మరల పరీక్ష చేయించినారా అని అడిగెదము.