ఎర్రచీటీ

పిల్లలారా! ఇంట్లో హీటరో, కుళాయో చెడిపోతే బాగుచేసే మనిషిని పిలుస్తాము. పని అనుకున్నట్లు సాగితే చింత లేదు. అనుకోనిది జరిగితే ఏమి చేయాలి? ఈ పాఠం చదవండి.

టెక్సాస్‌లో ఒక ఇల్లు. చలికాలం. అమ్మ మేడమీద ఆఫీసు పనిలో ఉన్నది. కింద అమ్మమ్మ, మనవరాలు ఉన్నారు. తలుపు చప్పుడైనది. మనవరాలు తలుపు తీయలేదు, అమ్మను పిలిచింది. అమ్మ వచ్చి, కంపెనీ పంపిన పేరును ఆయన గుర్తింపు కార్డుతో సరిచూసి లోపలికి రానిచ్చింది. హీటరు చూపించి మళ్లీ పనికి వెళ్లింది.

కొంతసేపటికి ఆయన హీటరు ఆర్పివేసి, గ్యాసు కట్టివేసి, దానికొక ఎర్రచీటీ తగిలించాడు. ఇంగ్లీషులో ఏదో చెప్పాడు.

"ఏమంటున్నాడమ్మా? బాగుచేయమని పిలిస్తే ఆర్పేసి పోతాడేమిటి? ఈ ఒక్క రాత్రికి వేసి పొమ్మని చెప్పు" అన్నది అమ్మమ్మ.

నిజం చెబితే అమ్మమ్మ కంగారు పడుతుంది. "రేపు వచ్చి చేస్తాడట" అని చెబితే సరిపోతుందేమో! మనవరాలు ఒక్క క్షణం ఆలోచించింది.

"అమ్మమ్మా, లోపల పెట్టె పగిలిందట. వేస్తే విషవాయువు ఇంట్లోకి వస్తుందట. మిగతా మాటలు నాకు సరిగా అర్థం కాలేదు. అమ్మను పిలుస్తాను" అన్నది.

అమ్మ వచ్చి అన్నీ అడిగింది. మరమ్మతుకు ఎంత అవుతుందో కాగితం మీద రాయించుకున్నది. "పోనీ, గ్యాసు పొయ్యి వెలిగించి వెచ్చగా కూర్చుందామా?" అన్నది అమ్మమ్మ. "వద్దమ్మా, అదీ ప్రమాదమే" అని అమ్మ వారించింది. ఆ రాత్రి అందరూ స్నేహితుల ఇంట్లో పడుకున్నారు.

ఆ ఎర్రచీటీ ఎందుకు? హీటరులో మంట మండేటప్పుడు కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు పుట్టవచ్చు. మామూలుగా అది గొట్టం గుండా బయటకు పోతుంది. పెట్టె పగిలితే ఇంట్లోకి చేరవచ్చు. దానికి రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, వాంతులు, మైకం కలుగుతాయి. నిద్రలోనే ప్రాణం పోవచ్చు. అందుకే ఇంట్లో దానిని పసిగట్టే అలారం ఉండాలి.

గొట్టాలలో వచ్చే సహజవాయువుకు కూడా స్వతహాగా వాసన లేదు. 1937 మార్చి 18న టెక్సాస్‌లోని న్యూ లండన్ పాఠశాల కింద అది కారి నిండింది. ఎవరికీ తెలియలేదు. ఒక యంత్రం స్విచ్చి వేయగానే నిప్పురవ్వ లేచి, భవనం పేలిపోయింది. సుమారు 300 మంది మరణించారు. వారిలో ఎక్కువమంది పిల్లలే. ఆ తరువాతనే వాయువులో ఘాటైన వాసన కలపాలని టెక్సాస్‌లో చట్టం చేశారు. నేడు మనకు తగిలే కుళ్లిన కోడిగుడ్డు వాసన ఆ హెచ్చరికే.

గుర్తుంచుకోండి

1. పిలవని మనిషి వస్తే తలుపు తీయరాదు. పెద్దలకు చెప్పాలి.
2. అర్థం కాని మాటను ఊహించి చెప్పరాదు. "నాకు తెలియలేదు" అనడం తప్పు కాదు.
3. గ్యాసు వాసన వస్తే ఏ స్విచ్చీ ముట్టరాదు. అందరూ బయటకు వెళ్లి, అక్కడి నుండి 911కు ఫోను చేయాలి. విషవాయువు అలారం మోగినా ముందు బయటకు వెళ్లాలి.
4. పనిచేసే మనిషికి కరెంటు షాకు తగిలితే ఆయనను ముట్టుకోరాదు. పెద్దలను పిలిచి, 911కు ఫోను చేయాలి.

పదాలు – అర్థాలు

వారించు = వద్దని ఆపు
స్వతహాగా = తనంతట తాను, సహజంగా
పసిగట్టు = ముందే కనిపెట్టు

ఆలోచించి చెప్పండి

1. మనవరాలు "రేపు వస్తాడట" అని చెప్పి ఉంటే ఏమి జరిగేది?
2. గ్యాసు వాసన వచ్చినప్పుడు దీపం స్విచ్చి ఎందుకు వేయరాదు?

చేయండి

మీ ఇంటి చిరునామాను మీ అమ్మమ్మకో, తాతయ్యకో, నాయనమ్మకో ఇంగ్లీషులో చెప్పడం నేర్పండి.