తొలి 200 కిలోమీటర్లు, నడుమ ఒక ఘాట్ రోడ్డు
ప్రశ్నలు - జవాబులు

విశాఖపట్నం నుంచి శృంగవరపుకోట మీదుగా అనంతగిరి, అరకు వైపు సాగే దారిని ఉదాహరణగా తీసుకొని ఈ జవాబులు రాయడం జరిగింది. తూర్పు కనుమల్లోని ఇతర ఘాట్ రోడ్లకు కూడా వీటిలో చాలాభాగం వర్తిస్తుంది.

ప్రశ్న: గుంపుగా సాగే 200 కిలోమీటర్ల సైకిల్ యాత్రలో ఆద్యంతం అందరితో కలిసే తొక్కాలా? వెనకబడినవారిని పోటీ నుంచి తప్పిస్తారా?

జవాబు: ఇది అసలు పోటీయే కాదన్న సంగతిని ముందుగా గ్రహించాలి. మన దేశంలో జరిగే ఇటువంటి యాత్రల్లో చాలావాటికి ‘బ్రెవే’ అనే ఫ్రెంచి పద్ధతి ఆధారం. నిర్ణయించిన దారిలో, నిర్ణయించిన గడువులోపల, సొంత శక్తితో దూరాన్ని పూర్తిచేసినవారికి ధ్రువీకరణ ఇచ్చే యాత్రను బ్రెవే అంటారు. అందులో మొదట చేరినవారికీ, గడువుకు నిమిషం ముందు చేరినవారికీ దక్కే గుర్తింపు ఒక్కటే.

ప్రశ్నలోని సందేహానికి శతాబ్దానికి పైబడిన చరిత్ర ఉంది. 1897లో ఇటలీ సైకిలిస్టులు కొందరు రోమ్ నుంచి నేపుల్స్ వరకు సుమారు 230 కిలోమీటర్లు సూర్యోదయ సూర్యాస్తమయాల మధ్య తొక్కి, ‘ఆడాక్స్’ అనే పద్ధతికి నాంది పలికారు. టూర్ ద ఫ్రాన్స్ పందేన్ని ప్రారంభించిన ఆన్రీ దెగ్రాంజ్ 1904లో ఈ పద్ధతిని ఫ్రాన్స్‌కు తీసుకువచ్చాడు. ఆ ఏడాదే ఆడాక్స్ క్లబ్ పారిసియాన్ ఏర్పడింది. ఆ పద్ధతిలో గుంపంతా ఒక నాయకుడి వెనుక ఒకే వేగంతో కదలాలి, ఎవరూ అతణ్ణి దాటిపోకూడదు. తర్వాత దెగ్రాంజ్‌తో భేదాభిప్రాయం వచ్చిన ఆ క్లబ్బు, ఎవరి వేగంతో వారు సాగే స్వేచ్ఛాగమన బ్రెవేలను 1921లో మొదలుపెట్టింది. నేడు ప్రపంచమంతటా జరుగుతున్న బ్రెవేలు చాలావరకు ఈ రెండో సంప్రదాయానికి చెందినవే కాబట్టి, కలిసి బయలుదేరినవారు కలిసే తిరిగి రావాలన్న నియమమేదీ లేదు.

నియమం లేకపోయినా ప్రయోజనం ఉంటుందా అంటే, అది నేల వాలును బట్టి మారుతుంది. గాలి కలిగించే నిరోధం వేగం వర్గానికి అనులోమంగా పెరుగుతుంది గనుక, మైదానంలో గంటకు 30 కిలోమీటర్ల వేగంతో పోతున్న సైకిలు వెనకాలే ఆ గాలి మరుగున తొక్కేవారికి శ్రమ పాతిక శాతానికి పైగా తగ్గవచ్చు. ఎక్కుడులో వేగం 9 లేదా 10 కిలోమీటర్లకు పడిపోయినప్పుడు గాలి నిరోధం నామమాత్రమై, శ్రమంతా భూమ్యాకర్షణ మీదే ఖర్చవుతుంది కాబట్టి, ముందు ఎంతమంది ఉన్నా వెనకున్నవారికి ఒరిగేదేమీ లేదు. శృంగవరపుకోట వరకు గుంపుతో సాగడం తెలివైన పని, ఘాట్ మొదలైన తర్వాత గుంపును వదిలేయడం అంతకంటే తెలివైన పని. తొలిసారి వచ్చినవారిలో చాలామంది దీన్ని తలకిందులు చేసి, మైదానంలో ఒంటరిగా ఎదురుగాలితో పెనుగులాడి, కొండ మీద మాత్రం పక్కవాడితో పంతానికి పోయి అలసిపోతుంటారు.

ప్రశ్న: మైదానంలో 100 కిలోమీటర్లు అవలీలగా తొక్కే వ్యక్తికి ఘాట్ రోడ్డు ఎంత అదనపు భారం? గేర్లు లేని మామూలు సైకిలు పనికివస్తుందా?

జవాబు: అరకు లోయ సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. మనిషి, సైకిలు, నీళ్ళసీసాలు కలిపి 80 కిలోలనుకుంటే, ఆ బరువును 900 మీటర్లు పైకి చేర్చడానికి దాదాపు 700 కిలోజౌళ్ళ పని జరగాలి. మానవశరీరం ఆహారశక్తిలో నాలుగో వంతునో, అయిదో వంతునో మాత్రమే పనిగా మార్చగలదు, తక్కినదంతా వేడిగా పోతుంది. అందువల్ల ఆ ఎత్తు ఎక్కడానికే 700 నుంచి 850 కిలోక్యాలరీలు ఖర్చవుతాయి. దారి మధ్యలో దిగి మళ్ళీ ఎక్కే చోట్లు కూడా ఉంటాయి కాబట్టి అసలు ఖర్చు ఇంకా ఎక్కువే. అయితే అలవాటున్న శరీరానికి ఇది మోయలేని భారం కాదు. ఇబ్బందంతా ఆ పనిని ఏ గేరుతో చేస్తారన్న దానిలో ఉంది.

పెడళ్ళ దగ్గరుండే పళ్ళచక్రాన్ని చైన్‌వీలు అనీ, వెనుక చక్రానికి బిగించిన పళ్ళచక్రాన్ని ఫ్రీవీలు అనీ అంటారు. ముందరి పళ్ళ సంఖ్యను వెనుక పళ్ళ సంఖ్యతో భాగిస్తే, పెడలు ఒక చుట్టు తిరిగినప్పుడు వెనుక చక్రం ఎన్ని చుట్లు తిరుగుతుందో తెలుస్తుంది. ముందు 34, వెనుక 34 పళ్ళున్న గేరులో ఈ నిష్పత్తి ఒకటి. చక్రం చుట్టుకొలత సుమారు 2.1 మీటర్లు కాబట్టి, గంటకు 9 కిలోమీటర్ల వేగంతో ఎక్కేటప్పుడు కాళ్ళు నిమిషానికి 70 చుట్ల వరకు హాయిగా తిరుగుతాయి. ముందు 44, వెనుక 18 పళ్ళున్న గేర్లులేని సైకిలు మీద అదే వేగానికి కాళ్ళు నిమిషానికి 30 చుట్లు కూడా తిరగవు. చేసే పని సమానమే అయినా ప్రతి తొక్కుకూ పడే బలం రెట్టింపు దాటుతుంది, ఆ బలమంతా మోకాళ్ళ మీద పడుతుంది. అటువంటి సైకిళ్ళతో కొండలెక్కినవారు లేకపోలేదు గానీ, తొలి యాత్రలోనే ఆ సాహసం అనవసరం. ఉన్న గేర్ల సైకిలుకు పెద్ద ఫ్రీవీలు వేయించుకోవడానికయ్యే ఖర్చు, తేలికపాటి కొత్త సైకిలు ధరతో పోలిస్తే ఎన్నదగినది కాదు, ప్రయోజనం మాత్రం ఎన్నో రెట్లు ఎక్కువ. వెనుక గేరు మార్చే యంత్రభాగం ఎన్ని పళ్ళ వరకు భరించగలదో మెకానిక్కును ముందే అడిగి తెలుసుకోవాలి.

సీటు ఎత్తు కూడా మోకాలికి సంబంధించిన విషయమే. పెడలు అడుగుకు వచ్చినప్పుడు దానిపై మడమ ఆనిస్తే కాలు నిటారుగా చాచుకోవాలి. అలా అమర్చుకున్న తర్వాత పాదం ముందుభాగంతో తొక్కితే మోకాలు కొద్దిగా వంగి ఉంటుంది. నేల మీద రెండు కాళ్ళూ ఆనేంత కిందికి సీటు దించుకొని ఘాట్ ఎక్కేవారికి సాయంత్రానికి మోకాలి ముందుభాగంలో నొప్పి రావడం సహజం.

ప్రశ్న: కోనసీమ వంటి చదును ప్రాంతంలో ఉండేవారు ఎక్కుడు సాధన ఎలా చేయాలి?

జవాబు: గోదావరి గట్ల మీద ఎదురుగాలిలో, కూర్చున్నచోటు నుంచి లేవకుండా, ఒకే ఒత్తిడితో గంటసేపు తొక్కడం దానికి దగ్గరి సాధన. వంతెనలు ఎక్కి దిగడం వల్ల గేర్లు మార్చే అలవాటు వస్తుందే గానీ, గంటల తరబడి విరామం లేకుండా తొక్కే ఓర్పు రాదు.

ప్రశ్న: 200 కిలోమీటర్లకు ఇచ్చే 13 గంటల 30 నిమిషాల గడువు చాలా ఎక్కువ కదా, అందులో ఇబ్బంది ఏముంటుంది?

జవాబు: గంటకు సగటున 15 కిలోమీటర్లు మాత్రమేనన్న లెక్క చూసి ఏర్పడే భ్రమ ఇది. దారి మధ్యలో కంట్రోల్ పాయింట్లు, అంటే బ్రెవే కార్డు మీద ముద్ర గానీ సమయం గానీ వేయించుకోవలసిన చోట్లు ఉంటాయి. వాటిలో ప్రతిదానికీ విడిగా ఒక గడువు ఉంటుంది. నూరో కిలోమీటరు దగ్గర అది 6 గంటల 40 నిమిషాలు. వెళ్ళి అదే దారిన తిరిగి వచ్చే కొండయాత్రలో ఎక్కుడు చాలావరకు మొదటి సగంలోనే పడుతుంది. మొదటి 50 కిలోమీటర్లు గంటకు 22 చొప్పున, తర్వాతి 20 కిలోమీటర్ల ఎక్కుడు 9 చొప్పున, ఎత్తుపల్లాల మిగతా 30 కిలోమీటర్లు 17 చొప్పున తొక్కారనుకుంటే, నూరో కిలోమీటరుకు చేరేసరికి 6 గంటల 15 నిమిషాలవుతుంది. మిగిలేది 25 నిమిషాలు. ఒక పంక్చరు, ఒక టిఫిను, ఒక వ్యూ పాయింటు దగ్గర ఫోటోలు కలిస్తే అది ఆవిరైపోతుంది. ఆగిన ప్రతిసారీ గడియారం చూసుకోవడం అలవాటు చేసుకుంటే కాళ్ళను పరుగు పెట్టించాల్సిన పని ఉండదు.

మరొక లెక్క కూడా ఉంది. ఉదయం 6 గంటలకు బయలుదేరినవారికి గడువు రాత్రి 7.30కి ముగుస్తుంది, డిసెంబరులో విశాఖ ప్రాంతంలో సూర్యుడు సాయంత్రం 5.30 ప్రాంతంలోనే అస్తమిస్తాడు. గడువు చివరిదాకా తొక్కేవారికి చివరి రెండు గంటలూ చీకటే, అదీ లారీలు తిరిగే రోడ్డు మీద. సైకిలుకు బిగించిన ముందు దీపం, వెనుక ఎర్రదీపం, కాంతిని తిప్పికొట్టే చొక్కా తప్పనిసరి అని నిర్వాహకులు పట్టుబట్టడం ఉత్త ఛాదస్తం కాదు.

ప్రశ్న: దారిలో ఏం తినాలి, ఎంత నీరు తాగాలి?

జవాబు: కండరాలలోనూ కాలేయంలోనూ నిల్వ ఉండే పిండిపదార్థాన్ని గ్లైకోజన్ అంటారు. పెద్దవారిలో అది ఇంచుమించు 400 నుంచి 500 గ్రాములు ఉంటుంది, అంటే 2000 కిలోక్యాలరీల లోపే. దినమంతా తొక్కేవారికి అది చాలదు. నిల్వ అడుగంటితే కాళ్ళు ఒక్కసారిగా చచ్చుబడి, చిరాకు, వణుకు మొదలవుతాయి. ఆ స్థితి వచ్చాక తినడం కంటే గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం మొదటి గంట నుంచే తీసుకోవడం మేలు. ఒక అరటిపండులో సుమారు 25 గ్రాములు ఉంటాయి. జేబులో రెండు పండ్లు, ఒక పల్లీపట్టి, దారిలో ఇడ్లీలు ఉంటే ఖరీదైన జెల్ పొట్లాల అవసరం లేదు. అరకు వెళ్ళి బొంగు చికెన్ తినకుండా రావడమేమిటన్న ప్రశ్న న్యాయమైనదే అయినా, మాంసమూ మసాలా ఉన్న ఆ తిండి నెమ్మదిగా అరుగుతుంది కాబట్టి దాన్ని మరో ప్రయాణానికి వాయిదా వేసుకోవడం ఉత్తమం.

నీరు గంటకు అర లీటరు నుంచి ముప్పావు లీటరు వరకు సరిపోతుంది, ఎండ ముదిరితే ఇంకొంచెం కావాలి. చెమటతో ఉప్పు కూడా పోతుంది గనుక దినమంతా ఉత్త నీళ్ళే అతిగా తాగితే రక్తంలో సోడియం ప్రమాదకరంగా పడిపోవచ్చు. తలనొప్పి, వికారం, మగత దాని లక్షణాలు. ఒక సీసాలో నీరు, మరొక సీసాలో ఓఆర్‌ఎస్ ఉంచుకోవడం మంచి పద్ధతి. ఆ పొట్లం మీద రాసిన కొలత ప్రకారమే నీటిలో కలపాలి, చిన్న సీసాలో పొట్లమంతా గుమ్మరించకూడదు.

ప్రశ్న: ఎక్కడం కంటే దిగడం సులువే కదా?

జవాబు: కాళ్ళకు సులువే, ప్రాణానికి కాదు. పైకి ఎక్కినప్పుడు కూడబెట్టిన ఆ 700 కిలోజౌళ్ళలో గాలికి పోగా మిగిలినది చాలావరకు బ్రేకుల్లో వేడిగా మారాలి. రిమ్మును పట్టే బ్రేకులను ఆపకుండా నొక్కి ఉంచితే రిమ్ము కాలి, లోపలి ట్యూబు పేలవచ్చు; మలుపుకు ముందే రెండు బ్రేకులూ గట్టిగా నొక్కి వేగం తగ్గించి, మలుపులో వదిలి, మళ్ళీ తర్వాతి మలుపుకు ముందు నొక్కడం సరైన పద్ధతి. బ్రేకు రబ్బర్లు సగానికి పైగా అరిగి ఉంటే బయలుదేరే ముందే మార్పించాలి.

కాఫీతోటల నీడ కోసం పెంచిన సిల్వర్ ఓక్ చెట్ల ఆకులు రోడ్డు అంచున రాలి, ఉదయం మంచుకు తడిసి జారుతుంటాయి. పల్లెల దగ్గర రోడ్డు మీద చోళ్ళో, ధాన్యమో ఆరబోసి ఉంటే టైరు పట్టు తప్పుతుంది. అన్నిటికంటే పెద్ద ప్రమాదం హెయిర్‌పిన్ మలుపులో బస్సు. పొడవైన బండి మలుపు తిరిగేటప్పుడు దాని వెనుక చక్రాలు ముందు చక్రాల దారిన రాకుండా లోపలివైపుకు కోసుకుంటూ వస్తాయి. ఎడమ మలుపులో రోడ్డు ఎడమ అంచున బస్సు పక్కనే ఉన్న సైకిలుకు పిట్టగోడకూ ఆ వెనుక చక్రానికీ నడుమ చోటు మిగలదు. బస్సు కనిపించగానే మలుపుకు ముందే ఆగి, దాన్ని పోనివ్వాలి. గుంపులో ఉన్నవారు దిగుడులో ఒకరి వెనుక ఒకరుగా, మైదానంలో కంటే ఎన్నో రెట్లు ఎక్కువ ఎడంతో సాగాలి. ముందున్నవారు గుంతను చేత్తో చూపడం మైదానంలో మర్యాదే గానీ, దిగుడులో చేయి బ్రేకు మీదే ఉండాలి కాబట్టి కేక వేస్తే చాలు.

ప్రశ్న: మధ్యలో దిగి నడిపించుకుపోవడం నామోషీ కాదా? కుటుంబసభ్యుల కారు వెంట రావచ్చా?

జవాబు: నడవడం నియమవిరుద్ధం కాదు. గంటకు 5 కిలోమీటర్ల వేగంతో తూలుతూ తొక్కడం కంటే, అదే వేగంతో పది నిమిషాలు నడిస్తే వీపుకూ అరచేతులకూ ఊరట కలుగుతుంది. కారు విషయంలో మాత్రం నియమం కఠినమైనది. బ్రెవేలో సొంతవాళ్ళ సహాయం కంట్రోల్ పాయింట్ల దగ్గర మాత్రమే అందుకోవచ్చు, వాటి మధ్య దారిలో వెంట వచ్చే బండి నుంచి నీళ్ళసీసా తీసుకున్నా లెక్కలో నుంచి తప్పించే వీలుంది. రెండు ట్యూబులు, అతుకుల సామగ్రి, చిన్న గాలిపంపు, టైరు ఊడదీసే చెంచాలు సొంతంగా మోసుకుపోవడం అందుకే.

ప్రశ్న: పూర్తిచేయలేమని తేలితే ఏం చేయాలి?

జవాబు: విరమించినట్లు నిర్వాహకులకు వెంటనే ఫోను చేసి చెప్పాలి, సందేశంతో సరిపెట్టకూడదు. ఘాట్‌లో చాలాచోట్ల సిగ్నలు అందదు కాబట్టి, అటువంటిచోట వెనుక వస్తున్న సైకిలిస్టును ఆపి, తన పేరూ, కార్డు సంఖ్యా చెప్పి, తర్వాతి కంట్రోల్‌లో తెలపమని కోరాలి. చెప్పకుండా బస్సెక్కి ఇంటికి చేరిన ఒక్క మనిషి కోసం నిర్వాహకులు రాత్రి టార్చిలైట్లతో మలుపు మలుపునా లోయలోకి చూస్తూ వెతకవలసి వస్తుంది.