పుల్ల మీద నిలవని ఖీమా

ప్రశ్న: మేం సాన్ హోసేలో ఉంటాం. ఇక్కడి వియత్నాం హోటళ్లలో పుల్లకు పట్టించి బొగ్గుల మీద కాల్చి ఇచ్చే పంది మాంసం సాసేజ్, అదే నెమ్ నువోంగ్, మా ఇంటిల్లిపాదికీ ఇష్టం. ఇంట్లో మూడుసార్లు చేశాను. ఖీమా, వెల్లుల్లి, చక్కెర, ఫిష్ సాస్ అన్నీ సరిగ్గానే వేశాను. హోటల్లోది వేలితో నొక్కితే మళ్లీ పైకి లేస్తుంది. నాది పొడిపొడిగా విడిపోయి సగం బొగ్గుల్లో రాలిపోతోంది. ఒకసారి గుడ్డు, ఒకసారి శెనగపిండి కలిపినా ఫలితం లేదు. వాళ్లు ఏ పౌడర్ వాడతారండీ?

జవాబు: వాళ్లు వాడే పౌడర్ ఒకటి ఉంది, దాని సంగతీ చెబుతాను. కానీ మీ ఖీమా రాలిపోవడానికి కారణం అది లేకపోవడం కాదు. మాంసానికి జిగురు బయటి నుంచి తేవాలనుకోవడం దగ్గరే లెక్క తప్పింది. ఆ జిగురు కండలోనే ఉంది. దాని పేరు మయోసిన్, కండ కదలికకు పనికొచ్చే ప్రొటీన్. నీళ్లలో కరగదు గానీ ఉప్పు తగిలితే కరిగి బయటికొస్తుంది, పిసికేకొద్దీ బంకలా తయారవుతుంది. వేడి తగలగానే వలలా గట్టిపడి కొవ్వునూ నీటినీ తనలో బిగించుకుంటుంది. నమ్మకం కుదరకపోతే రెండు గుప్పిళ్ల ఖీమా తీసుకుని, ఒకదాన్ని ఉత్తగా, రెండోదాన్ని కాస్త ఉప్పు వేసి ఐదు నిమిషాలు పిసకండి. రెండూ అరచేతికి అంటించి చెయ్యి బోర్లించండి. ఉప్పు వేసింది వేలాడుతూ ఉండిపోతుంది. శెనగపిండి ఈ పని చెయ్యలేదు. అది ముక్కకూ ముక్కకూ మధ్య చేరి తడి పీల్చుకుంటుంది, అంతే. మన షీక్ కబాబ్‌కు అది సరిపోతుంది, ఎందుకంటే కబాబ్ నోట్లో కరగాలి. ఇది పంటికింద ఎగరాలి. రెండూ పుల్లకు పట్టించేవే అయినా దారులు వేరు.

ఉప్పు మీరూ వేసే ఉంటారు, ఫిష్ సాస్ అంటేనే ఉప్పు కదా. మరి ఎక్కడ చెడింది? మీరు ఖీమాను మిక్సీలో రుబ్బి ఉంటారు, నా అనుమానం దాని మీద. బ్లేడు తిరిగేకొద్దీ ఖీమా వేడెక్కుతుంది. పంది కొవ్వు మేక కొవ్వులా గట్టిది కాదు, గది వేడికే మెత్తబడుతుంది. రుబ్బేటప్పుడు ఖీమా పన్నెండు, పదిహేను డిగ్రీల సెల్సియస్ దాటిందంటే కొవ్వు వెన్నలా పూసుకుపోయి కండ ముక్కలకు పూత పెట్టేస్తుంది. ఇక ప్రొటీను ప్రొటీను కలవడానికి సందు ఉండదు. బొగ్గుల మీద పెట్టగానే కొవ్వు కారిపోతుంది, మిగిలింది రంపపు పొట్టులా రాలుతుంది. మీరు చెప్పిన లక్షణాలు అచ్చంగా ఇవే. అందుకే ఈ వంటలో దినుసుల పట్టీ కన్నా ముందు చూసుకోవాల్సింది చల్లదనం.

దీనికి బలమైన అభ్యంతరం ఒకటుంది. వియత్నాంలో ఫ్రిజ్‌లు రాకముందు నుంచీ ఈ తరహా వంటలు ఉన్నాయి. పైగా హనోయ్ దగ్గర మాంసపు రోల్స్‌కు పేరుపడ్డ ఉవోక్ లే ఊరి పాతకాలపు పద్ధతిలో ఐసుముక్క ఊసే లేదు. అప్పుడే కోసిన పంది మాంసాన్ని, ఇంకా వెచ్చగా ఉండగానే, రోట్లో వేసి దంచేవారు. మరి చల్లదనం ఎందుకంటారా? ఇది నా మాటను కొట్టేసే ఆధారంలా కనిపిస్తుంది గానీ కాదు. జంతువును కోసిన తర్వాత కొన్ని గంటలకు కండ బిగుసుకుపోతుంది. అప్పుడు మయోసిన్ పక్కనున్న ఆక్టిన్ అనే మరో ప్రొటీనుకు గొళ్లెం పడినట్టు అతుక్కుంటుంది. ఆ గొళ్లెం పడకముందే దంచితే మయోసిన్ తేలిగ్గా బయటికొస్తుంది, నీళ్లూ బాగా పట్టుకుంటుంది. ఉవోక్ లే వాళ్లకు ఆ వెసులుబాటు ఉండేది. మీరు కొనే ప్యాకెట్ మాంసానికి ఆ గడువు ఎప్పుడో దాటిపోయింది. గొళ్లెం పడ్డ మాంసంతో పని చేసేవాళ్లకు ఉప్పు, చల్లదనం, ఓపిక తప్ప దిక్కులేదు.

ఆ ఓపిక లేకనే కొందరు వ్యాపారులు అడ్డదారి తొక్కారు. హాన్ థే అని వియత్నాంలో పిలిచేది మన వెలిగారమే. చిటికెడు కలిపితే ఎలాంటి మాంసమైనా సాగుతుంది. ఒంటికి హాని చేస్తుందని అక్కడ దాన్ని ఆహారంలో నిషేధించారు. ఇంట్లో దాని జోలికి పోకండి. మీరు అడిగిన పౌడర్ ఇది కాదు. వియత్నాం ఇళ్లలో వాడేది ఫ్రాన్స్ నుంచి వచ్చే అల్సా అనే బేకింగ్ పౌడర్, గులాబీ రంగు పొట్లం. వలస పాలన పోయినా పొట్లం మాత్రం వంటింట్లో ఉండిపోయింది. కేకు కోసం తయారైన ఈ పౌడర్‌కు సాసేజ్‌లో పనేమిటంటే, అందులో సోడాతో పాటు డైఫాస్ఫేట్ లవణం ఉంటుంది. సోడా మాంసంలోని పులుపును తగ్గిస్తుంది, ఫాస్ఫేట్ ఆ గొళ్లేన్ని కాస్త వదులు చేస్తుంది. అంటే వెచ్చటి మాంసంలో సహజంగా ఉన్న గుణాన్ని కొంతవరకు తిరిగి తెస్తుంది. ఏ కంపెనీదైనా పొట్లం మీద 450 అనే సంఖ్య కనిపిస్తే సరిపోతుంది. అయితే ఖీమా వేడెక్కిన తర్వాత ఇది కూడా ఏమీ చెయ్యలేదు.

ఇక చేసే తీరు. కొవ్వు తీసేసిన భుజం మాంసం 800 గ్రాములు, వీపు కొవ్వు 200 గ్రాములు తీసుకోండి. కొవ్వును కందిగింజంత ముక్కలు కోసి, 50 గ్రాముల చక్కెర పట్టించి ఫ్రిజ్‌లో ఉంచండి. కాసేపటికి తెల్లటి ముక్కలు అద్దంలా మెరుస్తాయి, కాలేటప్పుడు తొందరగా కరిగిపోవు. మాంసానికి 3 పెద్ద చెంచాల ఫిష్ సాస్, ఒక చిన్న చెంచా ఉప్పు, 2 చిన్న చెంచాల బేకింగ్ పౌడర్, దంచిన వెల్లుల్లి, మిరియాల పొడి కలపండి. ఫ్రీజర్లో పలచగా పరిచి, అంచులు గట్టిపడేదాకా ఉంచండి. మిక్సీ గిన్నెనూ పక్కనే పెట్టండి. కొంచెం కొంచెంగా, ఆపి ఆపి రుబ్బండి. ఐసునీళ్లు నాలుగు చెంచాలు పోయండి. చెయ్యి పెడితే వేళ్లు కొంకర్లు పోయేంత చల్లగా ఉందంటే మీరు దారిలో ఉన్నట్టే. తర్వాత కొవ్వు ముక్కలు, దోరగా వేయించి పొడి చేసిన బియ్యం 2 చెంచాలు కలిపి, ముద్దను ఎత్తి గిన్నెకేసి కొట్టండి. మొదట చప్పుడు బోలుగా ఉంటుంది. పది నిమిషాలకు చపాతీ పిండి బల్లకు తగిలినట్టు గట్టిగా మోగుతుంది, ముద్ద లేత గులాబీ రంగుకు తిరిగి దారాలు దారాలుగా సాగుతుంది. అక్కడ ఆపి, రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టండి. మర్నాడు చేతులకు నూనె రాసుకుని పుల్లలకు పట్టించి, బూడిద పట్టిన బొగ్గుల మీద తిప్పుతూ కాల్చండి.

కొవ్వూ చక్కెరా ఎక్కువ కదా, తగ్గించకూడదా అని మీరు అడగవచ్చు. చక్కెర సగానికి తగ్గించండి, ఎర్రగా కాలే రంగు కాస్త తగ్గుతుంది, నష్టం లేదు. కొవ్వు మాత్రం తగ్గించవద్దు. ఉత్త కండతో చేస్తే గట్టిగా చెక్కలా వస్తుంది. న్యాట్రాంగ్ పక్కనున్న నిన్ హోవాలో, ఈ వంట పేరు చెబితే వియత్నాం వాళ్లకు ముందు తట్టే ఊళ్లో, దీన్ని ఒట్టిగా తినరు. బియ్యపు కాగితంలో పెట్టి, గుప్పెడు ఆకులు, దోసకాయ, పచ్చి మామిడి ముక్క, కరకరలాడేలా వేయించిన బియ్యపు కాగితపు చుట్ట చేర్చి చుడతారు. కొవ్వుకు విరుగుడు ఆ ఆకుల్లోనే ఉంది.

ప్రశ్న: పంది మాంసం తింటే మెదడులోకి పురుగు చేరుతుందని మా అత్తగారు విశాఖ నుంచి రోజూ ఫోన్ చేసి చెబుతున్నారు. నిజమేనా?

జవాబు: సగం నిజం. సరిగా ఉడకని మాంసం వల్ల వచ్చేది పేగుల్లో పెరిగే బద్దెపురుగు. మెదడులో తిత్తులు ఏర్పడేది ఆ పురుగు గుడ్లు కడుపులోకి పోతే. అవి పురుగు ఉన్న మనిషి మలం కలిసిన నీళ్లు, కడగని ఆకుకూరలు, శుభ్రం లేని చేతుల ద్వారా వస్తాయి. శాకాహారులకూ ఈ జబ్బు వచ్చేది అందుకే. కాబట్టి మాంసాన్ని బాగా కాల్చడంతో పాటు పక్కన పెట్టే ఆకుల్నీ బాగా కడగండి. సాసేజ్ నడిమధ్యలో థర్మామీటర్ గుచ్చితే 71 డిగ్రీల సెల్సియస్ చూపాలి. ఒక్క హెచ్చరిక: వియత్నాం దుకాణంలో ఉత్త ‘నెమ్’ అని అడిగితే అరటాకు పొట్లంలో పుల్లటి నెమ్ చువా చేతికి రావచ్చు. అది పులియబెట్టిన పచ్చి మాంసం, నిప్పు చూడనిది. మీ అత్తగారి భయంలోని ఆ సగం నిజం దానికి వర్తిస్తుంది.